లూకా 6:38 – అణచి, కుదిలించి, దిగజారునట్లు: మాటల ముచ్చట

పానగల్లు గట్టు:
అందరికీ వందనాలు. సంఘంలో కోతల పండుగకు ఫ్లెక్సీ మీద లూకా 6:38 రాయించాలని అనుకున్నరు. పాత బైబిల్లో వచనం ఇట్ల ఉంది: "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును, అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మనుష్యులు మీ ఒడిలో కొలుతురు. మీరు ఏ కొలతతో కొలుతురో ఆ కొలతతోనే మీకు మరల కొలువబడును."

యూత్ పిల్లలు అడ్డం పడ్డరు. "అణచి" అంటే అణచివేత, "దిగజారు" అంటే చెడిపోవుడు, దీవెన వచనంల ఈ మాటలేంది, "పొంగిపొర్లే" అని మార్చి రాద్దాం అంటున్నరు. మార్చాల్నా వద్దా? ఇంకొకటి, "కుదిలించి"నా, "కుదించి"నా? చదివేటప్పుడు రెండు తీర్ల వినబడుతున్నది. తెలిసినోళ్లు ఒక్కొక్క మాట విడగొట్టి చెప్పండి.

నిఘంటువు పురుగు:
చివరి ప్రశ్నకు ముందు జవాబు, ఎందుకంటే అది తేలిక. "కుదిలించి" ఒక్కటే సరైనది. కుదిలించు అంటే పట్టుకొని గట్టిగా ఊపు. కుదుపు, బస్సు కుదుపులు, ఇవన్నీ ఆ ఇంటి మాటలే. "కుదించు" వేరే మాట, పొట్టి చేయు, తగ్గించు అని అర్థం. ఒక్క "లి" జారిపోతే వచనం తలకిందులైతది: "కొలతను తగ్గించి ఇస్తరు" అని. కొందరు "కదిలించి" అని కూడా చదువుతరు, వచనంల ఉన్నది అది కాదు.

"అణచి" గురించి. అణగు, అణచు జంట మాటలు, విరుగు–విరుచు లెక్క. అణగు అంటే కిందికి పోవు, అణచు అంటే కిందికి నొక్కు. వాన పడ్డంక "దుమ్ము అణిగింది" అని ఇప్పటికీ అంటం, అక్కడ అణచివేత ఏమీ లేదు. పేపర్లలో "అణచివేత", "అణగారిన వర్గాలు" నిత్యం చదివి చదివి, మనుషుల మీది అర్థం ఒక్కటే మన చెవుల్ల మిగిలింది. వచనంల అణచబడేది మనిషి కాదు, గింజ. మన దగ్గర మాట్లాడే తీరుల చెప్పాలంటే "అదిమి".

"దిగజారు"ది కూడా అదే కథ. దిగు, జారు రెండూ కలిసిన మాట. కిందికి జారు, అంతే. "పరిస్థితి దిగజారింది", "విలువలు దిగజారినయి" అని తర్వాత పోలికగా వాడిండ్రు. పోలిక బలిసి అసలును మింగింది.

పాలమూరు పంతులు:
అర్థం మీరు చెప్పినట్టే ఉండొచ్చు సార్. కాని ఫ్లెక్సీ చదివేది నిఘంటువు చేతుల పట్టుకొని కాదు. రోడ్డు మీద పోయేటోడు "దిగజారునట్లు" చూసి ఏమనుకుంటడు? "పొంగిపొర్లునట్లు" అంటే అందరికీ ఒక్కసారికి తెలుస్తది. మాట మారినా భావం మారదు కదా.

కల్లం లెక్క:
భావం మారుతది పంతులు సార్. పాలు పొంగుతయి. చెరువు నిండితే అలుగు పొర్లుతది. వడ్లు పొంగవు, పొర్లవు, జారుతయి. ఆ వచనం రాసినాయన చేతిల ఉన్నది నీళ్ల చెంబు కాదు, గింజల కొలత. కల్లం మీద కొలత ఎట్ల వేస్తరో చూస్తే నాలుగు మాటలూ వరుసగా కండ్ల ముందటికి వస్తయి, అందుకే కొంచెం పొడుగు రాస్తున్న.

తూర్పార పట్టి, తాలు పొల్లు పోయినంక రాశి పోస్తరు. రాశి పక్కన కొలిచే మనిషి కూసుంటడు, ఎదురుంగ సంచి పట్టేటోడు. మొదటి మానికకు (మానిక అంటే గింజలు కొలిచే పాత్ర) "ఒకటి" అనరు, "లాభం" అంటరు. ఆ తర్వాత రెండు, మూడు. ఇగ మానిక నింపుట్లనే ఉన్నది అసలు పని. ఒకే మానిక, ఒకే రాశి, కొలిచే చెయ్యి మారితే లెక్క మారుతది. ఎట్లంటే:

మానికను రాశిల అడ్డంగ పొడిచి ఒక్క ఊపున లేపితే గింజల నడుమ సందులు మిగులుతయి. వడ్ల గింజకు మీద పొట్టు గరుకుంటది, కొసకు ముల్లుంటది, ఒకదానికొకటి తట్టుకొని నిలబడుతయి, కాబట్టి సందులు ఎక్కువ. అట్ల వదులుగ నిండిన మానికను రెండుసార్లు నేలకు కొట్టి ఊపితే అంచు నుంచి లోపలికి దిగుతది. ఆ దిగిన జాగను మళ్ల నింపాలె. ఇదే "కుదిలించి". గుండ్రటి జొన్నలకు, నున్నటి పెసర్లకు ఈ తేడా తక్కువ, వడ్లకు ఎక్కువ, పిండికైతే మస్తు ఎక్కువ.

ఇక "అణచి". నిజం చెప్పాలంటే గింజను ఎంత అదిమినా గింజ చిన్నగ కాదు, సందులు మాత్రం పూడుతయి. అరచేత్తోని అదుముడు పిండికి, ఎండు మిరపకాయకు, పత్తికి బాగ పనిచేస్తది. బోరెంల (పెద్ద గోనెసంచిల) పత్తి తొక్కినట్టు. గింజకు ఊపుడే ముఖ్యం, అదుముడు తోడు.

చివరికి నెత్తి. మానిక అంచు దాటినంక గింజ కుప్పగ నిలుస్తది. ఆ కుప్పకు ఒక వాలు ఉంటది. వాలు దాటితే తర్వాత పోసే పిడికెడు నిలవదు, పక్కలకు జారి కింద పడుతది. అంటే ఇగ ఒక్క గింజ కూడా పట్టదు అనేటందుకు సాక్ష్యం ఏంది? జారుడే. "దిగజారునట్లు" అనేది గొప్ప కోసం అన్న మాట కాదు, కొలత ముగిసిన గుర్తు. కొలిచేటోడు కొంచెం పిసినారి అయితే కుప్ప కాకముందే చెయ్యి ఆపుతడు, లేకపోతే అంచు మీద కట్టెతోని గీకి సమం చేస్తడు.

ఈ కుప్ప ఎంత విలువ చేస్తదో లెక్క కట్టొచ్చు. వాయి (పైన నోరు) 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు ఉన్న డబ్బా అనుకోండి. సమంగ గీకితే 4.7 లీటర్లు. వాలు 35 డిగ్రీలు అనుకుంటే మీద కుప్ప 7 సెంటీమీటర్ల ఎత్తు లేస్తది, దాంట్ల ముప్పావు లీటరుకు కొద్దిగ తక్కువ పడుతది. అంటే వందకు 15 పైన. అదే 4.7 లీటర్లు పట్టే సన్నటి పొడుగు డబ్బా, వాయి 12 సెంటీమీటర్లే ఉంటే, కుప్పల వచ్చేది వందకు మూడున్నర కూడా దాటదు. కొనేటోడు వెడల్పు వాయి మానిక కోరుడు, అమ్మేటోడు సన్న వాయిది తెచ్చుడు ఊరికెనే కాదు.

మోసాలు ఇంకా ఉన్నయి. బొటనవేలు లోపటికి పెట్టి పట్టుకొనుడు. అడుగు లోపలికి సొట్ట పోయిన మానిక వాడుడు. తీసుకునేటప్పుడు ఎత్తు నుంచి పోసుడు, ఇచ్చేటప్పుడు అంచుకు ఆనించి మెల్లగ పోసుడు, ఎందుకంటే ఎత్తు నుంచి పడ్డ గింజ గట్టిగ కూసుంటది. ఇవి తెలిసిన జనానికి "అణచి, కుదిలించి, దిగజారునట్లు" అంటే ఏ మోసం లేని కొలత అని ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేకుండె.

ఇప్పటి పిల్లలకు ఎందుకు తెలుస్తలేదంటే, అంతా కాంటా. సంచిని కాంటా మీద పెట్టి ఎంత ఊపినా, ఎంత అదిమినా బరువు మారదు. ఇప్పటి లొల్లి తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత, తరుగు ఎంత అని. కొలత పోయింది, కొలత మీది మాటలు గాలిల నిలబడ్డయి.

పాలమూరు పంతులు:
కల్లం లెక్క బాగుంది, ఒప్పుకుంట. కాని అనువాదం చేసినోళ్లు ఇంత ఆలోచించి "జారు" పెట్టిండ్రా, లేక అప్పటి వాడుకల ఉన్న మాట పెట్టిండ్రా?

నిఘంటువు పురుగు:
ఆలోచించే పెట్టిండ్రు అనేటందుకు 23వ కీర్తన చూడండి: "నా గిన్నె నిండి పొర్లుచున్నది." అదే బైబిల్. గిన్నెల ఉన్నది తాగేది, కాబట్టి పొర్లు. లూకాల ఉన్నది ధాన్యం, కాబట్టి దిగజారు. పొర్లు అనే మాట వాళ్ల చేతిలనే ఉంది, ఇక్కడ మాత్రం వాడలేదు. యూత్ వాళ్లు అడిగిన మార్పు చేస్తే రెండు వచనాలూ ఒక్కటే బొమ్మ అయిపోతయి.

కోయినే పాఠం:
గ్రీకు వైపు నుంచి కొన్ని విషయాలు కలుపుతాను. కొంత మీ మాటకు ఎదురుగా ఉంటుంది.

మూలంలో "మెత్రోన్ కలోన్" అని ముందు వస్తుంది, అంటే "మంచి కొలత". ఆ తర్వాత మూడు విశేషణాలు: పెపియెస్మెనోన్ (నొక్కబడిన), సెసలెవ్మెనోన్ (ఊపబడిన), హుపెరెక్‌ఖున్నోమెనోన్ (పైనుంచి ఒలికిపోతున్న). మన అనువాదకులు "మంచి"ని "నిండు" చేశారు. తెలుగులో మంచి కొలత అంటే కొలత పాత్ర మంచిదనే అర్థం రావచ్చు, నిండు అంటే అందులో ఉన్నదాని మాట. ఆ మార్పు నాకు నచ్చింది. వరుస తిరగబడటం తెలుగు వాక్యపు సహజ లక్షణం, విశేషణాలు ముందు, నామం తర్వాత.

అయితే మూడో మాటలో ఉన్న క్రియ ప్రత్యేకించి గింజలకు చెందినది కాదు. "పోయు, ఒలికించు" అనే క్రియకు "పైగా" అనే అర్థమిచ్చే ముందుపదం చేర్చిన మాట. ద్రవాలకూ నప్పుతుంది. ధాన్యమని మనకు తెలిసేది ముందున్న రెండు మాటల వల్ల, తర్వాత వచ్చే ఒడి వల్ల. నూనెను ఎవరూ అదమరు, బట్ట మడతలో పోయించుకోరు. అంటే "దిగజారు" అనే తెలుగు మాట గ్రీకు మాటకంటే ఎక్కువ కచ్చితంగా ఉంది. మూలాన్ని మించిన అనువాదం తప్పు అనేవాళ్లు ఉంటారు. సందర్భం ధాన్యమే కాబట్టి నేను తప్పనను.

"మనుష్యులు" అనే మాట మాత్రం మూలంలో లేదు. "ఇస్తారు" అని బహువచన క్రియ ఒక్కటే ఉంది, కర్త లేడు. క్రియ కూడా "కొలుతురు" కాదు, "ఇస్తారు". తెలుగులో కర్త లేకుండానే "ఊళ్లో అంటారు", "పిలుస్తున్నారు రా" అంటాం, కాబట్టి ఇక్కడ "మనుష్యులు" చేర్చవలసిన అవసరమే లేదు. ఇది యూదుల మాట తీరు కూడా. దేవుని పేరు పలకకుండా బహువచన క్రియతో సరిపెడతారు. విచిత్రమేమిటంటే లూకా 12:20లో ఇదే తీరు వచ్చినప్పుడు మనవాళ్లు చక్కగా వదిలేశారు: "వెఱ్ఱివాడా, యీ రాత్రి నీ ప్రాణము నడుగుచున్నారు." ఎవరు అడుగుతున్నారు? చెప్పలేదు, వినేవాడికి తెలుసు. 6:38లోనూ అలాగే వదిలి ఉంటే, ఇచ్చేది పొరుగువాడి చేయి కావచ్చు, దాని వెనుక ఉన్న చేయి కావచ్చు అనే రెండర్థాలూ నిలిచేవి.

ఇంకా "మరల". ఈ రోజుల్లో మరల అంటే "ఇంకోసారి" అనుకుంటారు. ఇక్కడ "బదులుగా, తిరిగి" అని. అప్పు తిరిగి ఇచ్చాడు అన్నప్పటి "తిరిగి".

దేవరకొండ అక్క:
ఒడి మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుత. మన దిక్కు ఒడి అనంగనే ఒడిబియ్యం యాదికొస్తది. ఆడబిడ్డను పీట మీద కూసోబెట్టి, కొంగు పరిపించి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతోని పోస్తరు. ఇంటిని బట్టి ఐదు సేర్లో, ఐదు కిలోలో. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికెగుడ్డ అండ్ల పెడతరు. బేసి సంవత్సరంల పోస్తరు. ఆ బియ్యం అత్తగారింట్ల వండి నలుగురికి పెడతరు. బోధకులు ఈ వచనానికి దీన్ని ఉదాహరణ చెప్తుంటరు. నా అనుమానం: సరిపోతదా?

కోయినే పాఠం:
బొమ్మ సరిపోతుంది అక్కా, పద్ధతి సరిపోదు. ఇక్కడి గ్రీకు మాట "కోల్పోస్". నడికట్టు పైన వదులుగా మిగిలే అంగీ మడత. దాన్ని ముందుకు లాగి పట్టుకుంటే సంచిలా పనిచేస్తుంది, మగవాళ్లకూ ఆడవాళ్లకూ. అదే మాట "రొమ్ము" అనే అర్థంలోనూ వస్తుంది. యోహాను 1:18లో "తండ్రి రొమ్మున నున్న అద్వితీయ కుమారుడే", లూకా 16లో లాజరు చేరిన అబ్రాహాము రొమ్ము, రెండు చోట్లా ఇదే కోల్పోస్. తెలుగులో ఒకచోట రొమ్ము, ఒకచోట ఒడి. చేరి ఉన్నది మనిషైతే రొమ్ము, పోసేది గింజలైతే ఒడి. ఈ విడదీత చాలా తెలివైనది, ఎందుకంటే తెలుగులో ఎవరూ రొమ్ములో గింజలు పోయించుకోరు.

పాత నిబంధనలోనూ ఒడి ఇలాగే ఉంది. సామెతలు 16:33: "చీట్లు ఒడిలో వేయబడును." ఆ చీట్లు వేసుకున్న ఒడి కూడా బట్ట మడతే.

కల్లం లెక్క:
అక్కా, ఒడిబియ్యంకంటే పత్తి ఏరే ఒడి దగ్గరగ ఉంటది. నడుముకు గుడ్డ కట్టి, రెండు కొసలు పైకి దోపి, ఒడి చేసుకొని ఏరుతరు కదా. కొస సరిగ్గ దోపకపోతే నిండినంక బరువుకు ఊడి అంతా సాలుల పడుతది. పల్లికాయ తెంపేటోళ్లు, మగోళ్లు కూడా, అంగీ అంచు లేపి పట్టుకొని పోయించుకుంటరు. గోధుమలైతే నేను పైన చెప్పిన 4.7 లీటర్ల డబ్బాకు మూడున్నర కిలోల పైన ఉంటయి. అది ఒడి ఆపుతది. అంతకు మించి కుప్ప పోస్తే జారుడు మొదలైతది. రూతుకు బోయజు ఆరు కొలతల యవలు పోసింది ఒడిల కాదు, దుప్పట్ల. ఎందుకో ఇప్పుడు తెలుస్తది.

దేవరకొండ అక్క:
బాగుంది. ఒడిబియ్యంతోని తేడా నాకు ఇప్పుడు కనబడ్డది. అక్కడ ఎంత పోయాలో ముందే ఖాయం. లెక్క తప్పొద్దు అని చూస్తరు. వచనంల లెక్క ఆగే జాగ గింజ జారే జాగ. విశ్వాసులల్ల కొందరికి ఆ ఆచారం ఎత్తుడే ఇష్టం ఉండదు, అది వేరే ముచ్చట. నేనడిగింది మాట వరకే.

పానగల్లు గట్టు:
ఇంకో అనుమానం. బైబిల్ల మానిక, కుంచం, తూము అని రకరకాలుగ వస్తయి. అవి మన ఊరి మానెడు, కుంచెడేనా? కోతల పండుగకు పిల్లలతోని కొలతల పట్టిక చేయిస్తున్నం.

నిఘంటువు పురుగు:
ఆగండి, పట్టిక చేయించకముందే ఇది చదవండి. ఇక్కడనే చాలామంది బోర్లపడుతరు.

మన పాత లెక్క: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే తూముకు 16 మానికలు. 1956 చట్టంతోని కిలోలు లీటర్లు వచ్చినా ఊర్లల్ల మానెడు, అడ్డెడు, కుంచెడు నోట్ల నుంచి పోలేదు.

హెబ్రీ లెక్క వేరు. మూడు సెయాలు ఒక ఏఫా, పది ఏఫాలు ఒక కోరు. సెయా సుమారు 7.3 లీటర్లు, ఏఫా 22, కోరు 220.

అనువాదకులు వీటికి మన పేర్లు పెట్టిండ్రు, కాని ఒక్క తీరుగ పెట్టలేదు. ఆదికాండము 18:6ల శారా పిసికిన పిండి "మూడు మానికలు". 2 రాజులు 7:1ల రూపాయికి "ఒక మానిక" సన్నపిండి. రెండూ సెయానే. మరి మత్తయి 13:33ల పులిసిన పిండి? అదీ మూడు సెయాలే, కాని తెలుగుల "మూడు కుంచములు". మన లెక్కల కుంచం మానికకు నాలుగింతలు! చదివేటోడు శారా కొంచెం పిసికింది, ఉపమానంలో ఆమె నాలుగింతలు పిసికింది అనుకుంటడు. నిజానికి రెండూ ఒక్కటే కొలత, 22 లీటర్ల పిండి, సుమారు పన్నెండు కిలోలు. యేసు చెప్పినది వింటున్నోళ్లకు అబ్రాహాము గుడారం యాదికి వచ్చి ఉంటది. మనకు ఆ దారం తెగిపోయింది.

తూముది ఇంకా తమాషా. రూతు 2:17ల ఆమె దుళ్లకొట్టినది "దాదాపు తూమెడు యవలు". అది ఏఫా. లూకా 16:7ల బాకీ "నూరు తూముల గోధుమలు". అది కోరు. ఒకే తూము, పదింతల తేడా. రూతు తూముతోని లెక్కగడితే ఆ బాకీ 2,200 లీటర్లు, అసలుకైతే 22,000. ఆ కథల గృహనిర్వాహకుడు బాకీ చీటీల ఇరవై తూములు తగ్గించిండంటే అది 4,400 లీటర్ల గోధుమలు, మూడు టన్నుల పైన. చిన్న దయ కాదు.

ఇవి కాక మత్తయి 5:15ల దీపం మీద బోర్లించే కుంచం రోమా మోదియోస్, సుమారు 8.7 లీటర్లు. ప్రకటన 6:6ల "దేనారమునకు ఒక సేరు గోధుమలు" అనే సేరు గ్రీకు ఖోయినిక్స్, లీటరు కొద్దిగ మీద. ఒక మనిషికి ఒక దినం తిండి, ఒక దినం కూలి, అక్కడికి అక్కడికే అని ఆ వచనం భావం.

కాబట్టి పట్టిక చేస్తే రెండు నిలువు వరుసలు చేయించండి. ఒకటి మన ఊరి లెక్క, ఇంకోటి వచనం పేరు పెట్టి లీటర్లల్ల. రెండింటి నడుమ సమానం గుర్తు పెట్టొద్దు.

పాలమూరు పంతులు:
ఇది నాకు కొత్త. నల్లగొండ, పాలమూరు, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి దిక్కు బాప్టిస్టు, మెన్నొనైట్ మిషన్లు వచ్చినంక ఈ బైబిలే చదివినం. మానిక అంటే మన మానికనే అని తరాల కొద్ది అనుకున్నం.

ఇప్పుడు అసలు గొడవ. ఈ వచనం ఎక్కువగ కానుక పట్టేటప్పుడు చదువుతరు. "ఇయ్యుడి" అన్నాడు, ఇయ్యండి, నూరంతలు వస్తది అని. మాటల లెక్కల అది కరెక్టేనా?

కోయినే పాఠం:
వాక్యం ఎక్కడ మొదలైందో చూడండి. 37వ వచనం: తీర్పు తీర్చకుడి, నేరము మోపకుడి, క్షమించుడి. ఆ వరుసలో నాలుగోది "ఇయ్యుడి". ఏమి ఇవ్వాలో చెప్పలేదు. ముందున్న మూడింటిని వదిలి నాలుగోదాన్ని ఒక్కదాన్నే ఊడదీసి కానుక పెట్టెకు అతికించడం వ్యాకరణపరంగా కుదరదు. మత్తయి 7:2లో ఇదే కొలత మాట తీర్పు గురించి: "మీరు కొలుచు కొలత చొప్పుననే మీకును కొలువబడును." మార్కు 4:24లో వినడం గురించి. ఒక సామెతలాంటి మాట మూడుచోట్ల మూడు పనులకు వచ్చింది. యూదుల పాత ధర్మ నియమాల సంకలనం మిష్నాలోనూ, సోటా అనే భాగం 1:7లో ఇదే ఉంది, మనిషి ఏ కొలతతో కొలుస్తాడో ఆ కొలతతోనే అతనికి కొలుస్తారని. అక్కడ సందర్భం శిక్ష.

"ఒడిలో కొలుచుట" కూడా ఎప్పుడూ దీవెనే కాదు. యెషయా 65లో వాళ్లు చేసిన చెడ్డకు ప్రతిఫలాన్ని వాళ్ల ఒడిలోనే కొలిచి పోస్తానని దేవుడు అంటాడు. అంటే లూకా వచనంలో ఉన్నది దీవెన మాట, దాని అడుగున హెచ్చరిక కూడా ఉంది.

కల్లం లెక్క:
"ఏ కొలతతో" అన్నదాన్ని ఒట్టి ఉపమానం అనుకోవద్దు. నాగుకు (పంటప్పుడు వడ్డీతోని గింజలే తిరిగి ఇచ్చే అప్పు) తెచ్చుకున్న వడ్లు గుర్తుకు తెచ్చుకోండి. ఇచ్చేటప్పుడు చిన్న మానిక, గీకి ఇచ్చుడు. పంటప్పుడు వసూలు చేసేటందుకు పెద్ద మానిక, నెత్తి పోసి. వడ్డీ పేరుకు పావు అయినా మానికల తేడా వేరేగ పడుతుండె. అందుకే "ఇచ్చిన మానికతోనే తీసుకో" అనేది పేదోడు అడిగే మొదటి న్యాయం.

కోయినే పాఠం:
సరిగ్గా అదే. ఐగుప్తులో దొరికిన గ్రీకు పపైరస్ పత్రాల్లో ధాన్యపు అప్పు రాతలున్నాయి. తీసుకున్న కొలతతోనే తిరిగి చెల్లించాలనే షరతు వాటిలో కనిపిస్తుంది. యేసు మాట విన్న రైతు చెవికి అది పత్రం మాటలా కూడా వినిపించి ఉంటుంది. ఆమోసు 8:5లో తూమును చిన్నది చేసి, వెల పెంచి, దొంగత్రాసు పెట్టే వర్తకుల మీద తిట్టు ఉంది. లేవీయకాండము 19:36 న్యాయమైన త్రాసు, న్యాయమైన గుండ్లు, న్యాయమైన తూము ఉండాలంటుంది.

గీకే కొలత, నెత్తి కొలత గురించి మిష్నాలో నేరుగానే ఉంది, బాబా బత్రా 5వ అధ్యాయంలో. గీకే ఆచారం ఉన్న ఊళ్లో నెత్తి పోయకూడదు, నెత్తి పోసే ఊళ్లో గీకకూడదు. వెల పెంచి నెత్తి పోస్తాననీ, వెల తగ్గించి గీకుతాననీ బేరం చేయకూడదని మిష్నాకు వివరణ అయిన తల్ముదు అంటుంది. మిష్నాలో అక్కడే ఇంకో మాట, చిల్లర వ్యాపారి తన కొలతపాత్రను వారానికి రెండుసార్లు తుడవాలి, టోకు వ్యాపారి 30 రోజులకు ఒకసారి. అంటుకుపోయిన మడ్డి కూడా కొనేవాడి సొమ్మే కదా.

దీన్ని బట్టి చూస్తే లూకా వచనం ఊరి ఆచారాన్ని దాటింది. గీకే ఊళ్లోనైనా, నెత్తి పోసే ఊళ్లోనైనా జారేదాకా పోయాలని ఆ నియమం అడగదు.

పాలమూరు పంతులు:
అయితే కొసరు అన్నట్టు. "అసలుకంటె కొసరు ముద్దు" అంటరు గద.

నిఘంటువు పురుగు:
కొసరుకు దగ్గరనే, కాని ఒక్క తేడా ఉంది. కొసరు కొనేటోడు అడిగి తీసుకునేది. "కొసిరి కొసిరి అడుగుడు" అనే మాట అందుకే వచ్చింది. ఇక్కడ అడగకముందే పోస్తున్నరు.

పానగల్లు గట్టు:
అందరికీ శరణు. మాట మార్చకుండ పాత వచనమే ఉంచుతం. యూత్ వాళ్ల కోసం కింద చిన్న అక్షరాలతోని మన మాటల ఒక వరుస రాద్దామని అనుకుంటున్నం. ఇట్ల రాసిన, దిద్దండి:

"ఇయ్యుండ్రి, మీకు గూడ ఇస్తరు. అదిమి, కుదిపి, నెత్తి మీంచి జారేటట్టు నిండు మానెడు మీ ఒడిల పోస్తరు. మీరు ఏ మానికతోని కొలుస్తరో, దాంతోనే మీకు తిరిగి కొలుస్తరు."

దేవరకొండ అక్క:
"నెత్తి మీంచి" అంటే మనిషి నెత్తి అనుకుంటరు. "అంచు మీంచి" అని పెట్టు తమ్మీ.

కోయినే పాఠం:
"మనుష్యులు" తీసేసి "పోస్తరు" అని వదిలినందుకు సంతోషం. ఒకచోట "మానెడు", ఇంకోచోట "మానిక" ఉంది, ఒక్కటే చేయండి. మూలంలో రెండు చోట్లా ఒకే మాట. నిజానికి అక్కడ ఏ కొలత పేరూ లేదు, ఒట్టి "కొలత" అనే ఉంది.

కల్లం లెక్క:
అట్లయితే "కొలత" అనే రాయండి. మానిక అని రాస్తే ఎవరి మానిక అని మళ్ల లొల్లి.

నిఘంటువు పురుగు:
ప్రింటింగుకు ఇచ్చేముందు ప్రూఫ్ తెప్పించుకొని పై వరుస చూడండి. "కుదిలించి"ల "ది" తర్వాత "లి" ఉందో లేదో. ఫ్లెక్సీ టైపు చేసేటోళ్లు ఎక్కువగ తినేది ఆ అక్షరాన్నే.